బసంత్‌నగర్ నుంచి ఆదిలాబాద్‌కు ఎంత దూరం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి నాకు ఇరవై నిమిషాలు ఇచ్చిండు. "సార్, జ్ఞాపకాలు అందరు చెప్తరు. మీరు లెక్కల సారు గదా, ఏదన్న లెక్క చెప్పుండ్రి" అన్నడు. ఇరవై నిమిషాలు అనగానే నాకు ఒక లెక్క తట్టింది. బసంత్‌నగర్‌లో ఒక చిన్న విమానం గాలిలోకి లేస్తే, ఇరవై నిమిషాలు గడిచేసరికి అది ఇంచుమించు ఆదిలాబాద్ మీద ఉంటుంది. అంటే నా ప్రసంగం అయిపోయేలోపల గోదావరి దాటి, కవ్వాల్ అడవి దాటి, ఉట్నూరు దాటి పోవచ్చన్నమాట.

అటువంటి విమానం ఉందా అని వెనక వరసలోంచి ఎవరో అడుగుతున్నారు. లేదు. ఈ రెండు ఊళ్ల మధ్య టికెట్ కొనుక్కొని ఎక్కే విమానం లేదు. అయినా ఈ లెక్క ఇవాళ ఎందుకు ఎత్తుకున్నానంటే, సాయంత్రం మన సంఘం తీర్మానాల్లో నాలుగోది చూడండి. "ఉత్తర తెలంగాణలోని రెండు విమానాశ్రయాలను పునరుద్ధరించి, బసంత్‌నగర్, ఆదిలాబాద్ మధ్య విమానం నడపాలి" అని రాసి ఉంది. మన బడిలో చదువుకున్నవాళ్లు నదికి ఇవతల సగం, అవతల సగం స్థిరపడ్డారు. కాబట్టి ఆ కోరిక ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. తీర్మానం మీద చేయి ఎత్తేముందు లెక్క కట్టి చూద్దామని నా మనవి.

ముందు దూరం. బసంత్‌నగర్ విమానాల మైదానం ఇంచుమించు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.4 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఆదిలాబాద్ 19.66 దగ్గర, 78.53 దగ్గర. ఉత్తరానికి తేడా 0.96 డిగ్రీ. ఒక అక్షాంశ డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. కాబట్టి 107 కిలోమీటర్లు పైకి పోవాలి. పడమరకు తేడా 0.86 డిగ్రీ. ఇక్కడ జాగ్రత్త. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరకు వస్తాయి. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ 111 కిలోమీటర్లయితే, మన 19 డిగ్రీల దగ్గర 105 మాత్రమే. అంటే 90 కిలోమీటర్లు పడమరకు. ఇక మిగిలింది తొమ్మిదో తరగతి లెక్క. 107 వర్గం, 90 వర్గం కూడి వర్గమూలం తీయండి. 140 కిలోమీటర్లు వస్తుంది. విమానాల భాషలో 75 నాటికల్ మైళ్లు. ఇంత దగ్గరి దూరాలకు భూమి గుండ్రంగా ఉన్న సంగతి పట్టించుకోనక్కర్లేదు, పైథాగరస్ సరిపోతాడు.

ఇదే లెక్కను మా సోషల్ సారు దారంతో చేయించేవారు. గోడకు పటం వేలాడదీసి, రెండు ఊళ్ల మీద రెండు గుండుసూదులు గుచ్చి, దారం కట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పరిచి కొలవమనేవారు. పది లక్షలకు ఒకటి స్కేలున్న పటం మీద అది 14 సెంటీమీటర్లు. తర్వాత సారు ఇంకో పని చెప్పేవారు, అది నాకు లెక్కకన్నా ఎక్కువ పనికొచ్చింది. "దారం కింద ఏమేం ఊళ్లున్నయో చదువురా" అనేవారు.

ఆ దారం కింద ఊళ్లు చదువుదాం. బసంత్‌నగర్ దాటాక లక్సెట్టిపేటకు కాస్త ఇవతల గోదావరి. నది దాటగానే లక్సెట్టిపేట, దండేపల్లి దిక్కు పొలాలు. తర్వాత జన్నారం. అక్కడి నుంచి కవ్వాల్ అడవి, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించింది. అడవి మధ్యలో ఉట్నూరు, గిరిజనాభివృద్ధి సంస్థ ఉన్న ఊరు. తర్వాత ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న అక్కడ ఏం జరిగిందో ఈ సభలో సగం మందికి చెప్పాల్సిన పనిలేదు. ఆ పక్కనే కేస్లాపూర్, నాగోబా జాతర జరిగే చోటు. ఆ తర్వాత ఆదిలాబాద్.

దారం ఈ ఊళ్లమీదుగా పోవడం కాకతాళీయం కాదేమో అనిపిస్తుంది. ఎందుకంటే మంచిర్యాల నుంచి ఆదిలాబాద్‌కు మనం బస్సులో పోయే తోవ కూడా ఇదే. లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి, గుడిహత్నూరు. పక్షి పోయే దారికి, బస్సు పోయే దారికి మన దగ్గర పెద్ద తేడా లేదు. బసంత్‌నగర్ నుంచి గోదావరిఖని, మంచిర్యాల మీదుగా రోడ్డు 180 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. 140 ఎక్కడ, 180 ఎక్కడ అనవచ్చు. కానీ అడవి, గుట్టలు, పెద్ద నది ఉన్న ప్రాంతంలో ఇంతకన్నా తిన్నని రోడ్డు దొరకడం కష్టం. కరీంనగర్ పట్టణం నుంచి పోయేవాళ్లు జగిత్యాల, మెట్‌పల్లి, నిర్మల్ మీదుగా పోతారు. అది 200 దాటుతుంది. మహబూబ్ ఘాట్ ఎక్కాలి. అందమైన దారే, కడుపులో తిప్పేవాళ్లకు మాత్రం కాదు.

రైలు సంగతి చెప్తే నవ్వొస్తుంది. ఆదిలాబాద్‌కు రైలు పట్టాలు ముద్ఖేడ్ నుంచి కిన్వట్ మీదుగా వస్తాయి, అంటే మహారాష్ట్రలోంచి. కరీంనగర్ నుంచి నిజామాబాద్‌కు లైను 2017లో పూర్తయింది. కాబట్టి ఇప్పుడు కరీంనగర్‌లో రైలెక్కినవాడు నిజామాబాద్ పోయి, రాష్ట్రం దాటి, ముద్ఖేడ్‌లో తిరిగి, మళ్లీ రాష్ట్రంలోకి వచ్చి ఆదిలాబాద్‌లో దిగవచ్చు. మంచిర్యాల, ఆదిలాబాద్ 2016 అక్టోబర్ దాకా ఒకే జిల్లా. అయినా ఒక చోటి నుంచి ఇంకో చోటికి నేరుగా రైలు పట్టా లేదు.

ఇక కాలం. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఫోన్‌లో కొడితే "140 కిలోమీటర్లు, విమానంలో ఇంత" అని ఒక అంకె వస్తుంది. ఆ అంకె ఎలా పుట్టిందో చూద్దాం. మన దగ్గర చిన్న ఊళ్లకు నడిచే ఏటీఆర్ 72 రకం విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 140ని 500తో భాగించి 60తో గుణిస్తే 17 నిమిషాలు. కానీ విమానం ఎడ్లబండి కాదు, కదిలిన చోటినుంచే పూర్తి వేగం అందుకోవడానికి. రన్‌వే చివరిదాకా మెల్లగా దొర్లాలి, లేవాలి, ఎత్తుకు పోవాలి, పోయిన కాసేపటికే మళ్లీ దిగడం మొదలుపెట్టాలి, గాలి ఏ దిక్కునుంచి వీస్తుందో చూసుకొని ఆ దిక్కుకు తిరిగి రన్‌వేకు ఎదురుగా రావాలి, మళ్లీ దొర్లాలి. ఇవన్నీ కలిపితే తలుపు మూసినప్పటి నుంచి తలుపు తెరిచేదాకా 35, 40 నిమిషాలు. దూరం ఎంత తక్కువైతే ఈ అదనపు భారం అంత బరువుగా కనబడుతుంది. 17 నిమిషాల ప్రయాణం మీద 20 నిమిషాల పన్ను. ఢిల్లీకి పోయే విమానానికి కూడా ఆ పన్ను ఇంచుమించు అంతే, కానీ రెండు గంటల ప్రయాణంలో అది తెలియదు.

ఇంకా అయిపోలేదు. కరీంనగర్ నుంచి బసంత్‌నగర్ పోవడానికి గంటా పావు. తనిఖీల కోసం గంట ముందు ఉండాలి. గాలిలో, నేలమీద కలిపి 40 నిమిషాలు. దిగి సంచులు తీసుకొని బయటపడటానికి ఇరవై. కూడితే మూడుంపావు గంటలు. కారు నాలుగు, నాలుగున్నర గంటల్లో పోతుంది. గంట సేపు మిగులుతుంది. ఆ గంట కోసం ఎంత పెడతారు? రోజూ 70 సీట్లు నిండుతాయా? కలెక్టరాఫీసు పనిమీద పోయేవాళ్లు నిండరు. పత్తి వ్యాపారులు వాళ్ల కార్లలోనే పోతారు. అత్తగారింటికి పోయే అల్లుళ్లతో విమానం నడవదు.

కాబట్టి నాలుగో తీర్మానంలో రెండో భాగాన్ని నేను ఒప్పుకోను. ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. కానీ దూరం తక్కువ కాబట్టి విమానం వద్దు అనడం కూడా తప్పే. దానికి ఒక ఉదాహరణ చెప్పాలి.

స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ అని దీవులున్నాయి. అందులో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య 1967 నుంచి విమానం నడుస్తోంది. దూరం 2.7 కిలోమీటర్లు. మన బడి నుంచి ఊరి చెరువు కట్టకు ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. టైం టేబుల్లో రెండు నిమిషాలు అని రాస్తారు. గాలి అనుకూలిస్తే 53 సెకన్లలో కూడా చేరిందట, ప్రపంచంలో అన్నిటికన్నా చిన్న విమాన ప్రయాణం అదే. ఎక్కేది ఎవరు? టీచర్లు, డాక్టర్లు, పేషెంట్లు. మధ్యలో ఉత్తర సముద్రపు గాలులు, అలలు. అక్కడ ఎనిమిదో, తొమ్మిదో సీట్లున్న చిన్న విమానం ఆ దీవివాళ్లకు పల్లెవెలుగు బస్సు లాంటిది. 140 కిలోమీటర్లకు వద్దన్న నేను 2.7 కిలోమీటర్లకు సరే అంటున్నాను. ఎందుకంటే మధ్యలో ఏముందో చూడాలి. మన మధ్యన ఉన్నది గోదావరి. మనం చిన్నప్పుడు వంతెన లేని రేవుల్లో పుట్టిలో దాటాం, వానాకాలంలో అదీ ఉండేది కాదు. ఇప్పుడు రాయపట్నం దగ్గర, గోదావరిఖని దగ్గర, సోన్ దగ్గర వంతెనలున్నాయి. నది అడ్డం తొలిగింది. తొలగనిది రాత్రి, వాన, అడవి.

2022 జూలై గోదావరి వరదలు గుర్తున్నాయి కదా. చెన్నూరు దిక్కు నీళ్ల ట్యాంకు ఎక్కి ప్రాణాలు కాపాడుకున్న ఇద్దరిని హెలికాప్టర్ వచ్చి దించింది. హెలికాప్టర్ గంటకు 220 కిలోమీటర్లు పోతుందనుకుంటే, బసంత్‌నగర్ నుంచి ఆదిలాబాద్‌కు 40 నిమిషాలు చాలు. దానికి రన్‌వే కూడా అక్కర్లేదు. ఉట్నూరులోనో, జన్నారంలోనో కాన్పు కష్టమైన తల్లిని తీసుకుపోవాలంటే మనం అడగాల్సింది టికెట్ల విమానం కాదు. రాత్రిపూట కూడా ఆగకుండా పోగలిగే రోడ్డు, ఊళ్లో అంబులెన్సు, అది చాలని రోజున దిగడానికి లైట్లున్న ఒక గచ్చు. పులుల అడవి కాబట్టి జన్నారం రోడ్డు మీద బరువు బండ్లకు ఆంక్షలు పెట్టారు. పులి బతకాలి, కాదనను. కానీ అంబులెన్సు లెక్క వేరుగా రాసుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. మనవాళ్లకు విమానం నిజంగా ఎక్కడికి కావాలి?

మన దిక్కు ఒక మాట ఉండేది, ఇప్పటికీ ఉంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. నా తరగతిలో 41 మంది మగపిల్లలం. అందులో ఎనిమిది మంది బొగ్గుబాయిలోకి పోయారు, ముగ్గురు బొంబాయి మగ్గాల దగ్గరికి పోయారు, పదకొండు మంది ఏదో ఒక కాలంలో దుబాయో, మస్కటో, దమ్మామో చూశారు. ఇది నేను ఈ సభకోసం ఫోన్లు చేసి పోగుచేసిన లెక్క, సర్కారు లెక్క కాదు. మొదట్లో దుబాయి పోవాలన్నా బొంబాయి బస్సెక్కాల్సిందే. జగిత్యాల నుంచి, కోరుట్ల నుంచి, ఆర్మూరు నుంచి బొంబాయి బస్సులు పోయేవి. అక్కడ ఏజెంటు గదిలో రోజులకు రోజులు పడుకొని, వీసా చేతికొస్తే విమానం. ఇప్పుడు శంషాబాద్ వచ్చింది, 2008 మార్చిలో. మేలు జరిగింది. కానీ ఒక వింత మిగిలిపోయింది.

శంషాబాద్ నుంచి దుబాయికి 2,500 కిలోమీటర్ల పైన. విమానం నాలుగు గంటల్లో పోతుంది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి శంషాబాద్‌కు 240 కిలోమీటర్లు. ఐదు గంటలు. సముద్రం మీది దూరం మనూరి దూరానికి పదింతలు, కాలం మాత్రం తక్కువ. మా చిన్నాన్న కొడుకు ప్రతి రెండేండ్లకు సెలవు మీద వచ్చేవాడు. రాత్రి విమానం కోసం మధ్యాహ్నమే ఇంట్లోంచి బయలుదేరాలి. కిరాయి తుఫాన్ జీపులో పదిమంది. అమ్మ, భార్య, పిల్లలు, ఇద్దరు బావమరుదులు. ఎందుకు ఇంతమంది అంటే, రెండేండ్లకు గాని మళ్లీ కనబడడు కదా. ఆ జీపు కిరాయి, దారిలో తిండి, తిరిగి వచ్చేటప్పటి నిద్రమత్తు. సిద్దిపేట దాటాక డ్రైవర్‌కు కునుకు పడితే ఏమవుతుందో మనకు తెలుసు. నాలుగేండ్ల కింద అతను చివరిసారి వచ్చింది పెట్టెలో. విమానం శంషాబాద్‌లో దిగిన గంటలు, కాగితాలు, మళ్లీ అంబులెన్సులో ఐదు గంటలు. ఊరు మొత్తం బస్టాండ్ దగ్గర ఎదురుచూసింది. మా చిన్నమ్మ "ఇంకెంత దూరముందిరా" అని ఐదుసార్లు అడిగింది. నేను కిలోమీటర్లలో చెప్పాను, ఆమె అడిగింది అది కాదు.

ఇక్కడ కూర్చున్న చాలా ఇళ్లలో ఇటువంటి ప్రయాణం ఒకటైనా ఉంది. అందుకే మన తీర్మానంలో ఉండాల్సిన దూరం బసంత్‌నగర్ నుంచి ఆదిలాబాద్‌కు కాదు. బసంత్‌నగర్ నుంచి శంషాబాద్‌కు, ఆదిలాబాద్ నుంచి శంషాబాద్‌కు. అవి కూడా కడదాం. బసంత్‌నగర్, శంషాబాద్ మధ్య గాలిదారి 190 కిలోమీటర్లు. ఆదిలాబాద్, శంషాబాద్ మధ్య 268. మొదటిదానికి తలుపు మూసింది మొదలు తెరిచేదాకా ముప్పావు గంట, రెండోదానికి 55 నిమిషాలు.

ఇందులో ఎవరికి లాభం? ఆదిలాబాద్ మైదానం పట్టణం అంచునే ఉంది. అక్కడివాళ్లు ఇల్లు వదిలింది మొదలు శంషాబాద్‌లో బయటపడేదాకా రెండున్నర గంటలు చాలు. రోడ్డు మీద ఆరు. మూడున్నర గంటలు మిగులుతాయి. ఆదిలాబాద్‌కు విమానం నిజమైన అవసరం. అక్కడివాళ్లు జబ్బు చేస్తే నాగపూర్ పోతారు, యవత్మాల్ పోతారు, అది దగ్గర కాబట్టి. సొంత రాజధానికన్నా పక్క రాష్ట్రపు పట్నం దగ్గరైన జిల్లా అది.

బసంత్‌నగర్ లెక్క అంత సులువు కాదు. కరీంనగర్ పట్టణం వాళ్లకు మిగిలేది అరగంటే. రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల, చెన్నూరు వాళ్లకు రెండు గంటల పైన మిగులుతుంది. కానీ వాళ్లకు మంచి రైలు మార్గం ఉంది. నాగపూర్, సికింద్రాబాద్ వందేభారత్ రామగుండంలో ఆగుతుంది. హైదరాబాద్‌లోనే పని ఉన్నవాడు రైలే ఎక్కుతాడు, ఎక్కాలి కూడా. విమానం కావలసింది హైదరాబాద్ దాటి పోయేవాడికి. అంటే మళ్లీ మన గల్ఫ్ పిలగాడికే.

ఆ పిలగాడికి టికెట్ ఒకటే ఉండాలి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ అంతా ఇక్కడే ఉంది. గల్ఫ్ టికెట్ మీద 30 కిలోల దాకా సామాను తీసుకుపోనిస్తారు. దేశంలో తిరిగే విమానంలో ఉచితంగా 15 కిలోలే. రెండు వేరువేరు టికెట్లు కొంటే, అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా, సకినాల డబ్బా, బియ్యం మూట బసంత్‌నగర్ కౌంటర్ దగ్గరే ఆగిపోతాయి, లేదా కిలోకింత అని కట్టాలి. ఒకే టికెట్ అయితే సామాను ఇక్కడ వేస్తే అక్కడ దిగుతుంది. సమయం కూడా అంతే ముఖ్యం. గల్ఫ్ విమానాలు ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున లేస్తాయి. మన విమానం పొద్దున పదింటికి పోయి పదకొండింటికి దింపితే, వాడు శంషాబాద్‌లో పన్నెండు గంటలు కుర్చీలో కూర్చోవాలి. అప్పుడు తుఫాన్ జీపే నయం.

మరి ఇన్నాళ్లు ఎందుకు రాలేదు? ఒక్కొక్కదానికి ఒక్కో కారణం ఉంది, అందరినీ కలిపి తిట్టడం సులువు గానీ న్యాయం కాదు. బసంత్‌నగర్ మైదానం సిమెంటు ఫ్యాక్టరీ అవసరం కోసం పుట్టింది. 1980లలో వాయుదూత్ విమానం కొంతకాలం హైదరాబాద్‌కు నడిచింది. వాయుదూత్ 1981లో పుట్టిన సర్కారు సంస్థ, చిన్న ఊళ్లను కలపడమే దాని పని. దాని డోర్నియర్ విమానంలో 19 మంది పట్టేవారు. నష్టాలతో 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. ఇప్పుడు ఆ మైదానం చుట్టూ ఉన్న గుట్టలు అడ్డమని, అంతర్గాం దగ్గర ఇంకో స్థలం చూస్తున్నారు. ఆదిలాబాద్ మైదానం నిజాం కాలంనాటిది, తర్వాత వాయుసేన చేతిలో ఉంది. వాళ్లు ఒప్పుకుంటేగాని ప్రయాణికుల విమానం దిగదు. 2025 ఏప్రిల్‌లో ఒప్పుకున్నారు.

మామునూరుది ఇంకో కథ. శంషాబాద్ కట్టినప్పుడు రాసుకున్న ఒప్పందంలో ఒక షరతుంది. 25 ఏండ్ల దాకా 150 కిలోమీటర్ల గాలిదారి లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదు. కంపాసు తీసుకొని శంషాబాద్ మీద ముల్లు పెట్టి 150 కిలోమీటర్ల వృత్తం గీయండి. మామునూరు ఇంచుమించు 145 దగ్గర, గీతకు కాస్త లోపల పడుతుంది. ఆ ఐదు కిలోమీటర్ల కోసం ఏండ్లకు ఏండ్లు ఆగింది. చివరికి షరతు సడలించి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. మనవి రెండూ గీతకు బయటే ఉన్నాయి, 190, 268. ఆ ఒప్పందం మనకు ఎప్పుడూ అడ్డం కాలేదు. ఈ సంగతి తెలియక మనవాళ్లు చాలాకాలం దాన్నే సాకుగా విన్నారు.

అనుమతి రావడం వేరు, విమానం నిలబడటం వేరు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు ప్రారంభించిన రోజునే కడప, హైదరాబాద్ మధ్య, నాందేడ్, హైదరాబాద్ మధ్య కూడా విమానాలు మొదలయ్యాయి. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అని సగం సీట్లకు హద్దు పెట్టి, నష్టాన్ని సర్కారు కొంత భరించింది. ఆ రెండు దారుల్లో నడిపిన ట్రూజెట్ సంస్థ 2022లో ఆగిపోయింది. నాందేడ్ మన పక్కూరే, ఆదిలాబాద్ నుంచి గాలిదారిలో 140 కిలోమీటర్లే. అక్కడ జరిగింది ఇక్కడ జరగదని ఎవరు చెప్పగలరు? రిబ్బను కత్తిరించిన రోజు ఫోటో అందరి దగ్గరా ఉంటుంది. విమానం ఆగిపోయిన రోజు ఫోటో ఎవరూ తీయరు.

కాబట్టి నాలుగో తీర్మానాన్ని ఇలా మార్చమని ప్రతిపాదిస్తున్నాను, రాసుకొచ్చాను, చదువుతాను. "ఆదిలాబాద్ నుంచి, రామగుండం ప్రాంతం నుంచి శంషాబాద్‌కు సాయంత్రం పోయి, పొద్దున తిరిగివచ్చే విమానం ఉండాలి. గల్ఫ్ పోయేవాళ్లకు ఊరినుంచే ఒకే టికెట్, ఒకే సామాను లెక్క ఉండాలి. విదేశాల్లో చనిపోయినవాళ్ల పెట్టెలను అదే విమానంలో జిల్లాదాకా ఉచితంగా చేర్చాలి. లక్సెట్టిపేట, ఉట్నూరు, ఆదిలాబాద్ రోడ్డులో అంబులెన్సు రాత్రిపూట ఆగకుండా పోయే ఏర్పాటు చేయాలి. ఉట్నూరులో హెలికాప్టర్ రాత్రి కూడా దిగగలిగే చోటు కట్టాలి."

పెట్టె సంగతిలో ఒక చిక్కుందని నాకు తెలుసు. ఏటీఆర్ లాంటి చిన్న విమానంలో సామాను తలుపు కొలత చూసుకోవాలి, పెట్టె కొలత చూసుకోవాలి. మన పూర్వ విద్యార్థుల్లో ఎయిర్‌పోర్టుల్లో సామాను విభాగంలో పనిచేసిన వాళ్లిద్దరు ఇక్కడే ఉన్నారు. టీ విరామంలో వాళ్లతో కూర్చొని ఆ కొలతలు రాయించుకుంటాను. సాయంత్రం తీర్మానం చదివేలోపు ఆ వాక్యం ఉండాలో, మార్చాలో చెప్తాను.